త్సోత్సిల్‌కి మెషిన్ ట్రాన్స్‌లేషన్: ఎవరి చేతిలో పెట్టాలి, ఎవరి చేతిలో పెట్టకూడదు

త్సోత్సిల్ అనే భాష గురించి రాయాలని చాన్నాళ్ళుగా అనుకుంటున్నా. మెక్సికోకి దక్షిణం కొసన, గ్వాటెమాలాని ఆనుకుని చియాపాస్ అని ఒక రాష్ట్రం ఉంది. అక్కడ కొండల మీద సాన్ క్రిస్తోబాల్ దె లాస్ కాసాస్ అనే టౌను, దాని చుట్టుపక్కల చమూలా, సినకంతాన్, చెనల్హో, సాన్ ఆంద్రెస్ లర్రాయిన్సార్ లాంటి ఊళ్ళు, ఆ ఊళ్ళలో మాట్లాడే మాయా కుటుంబపు భాష ఇది. 2020 సెన్సస్‌లో 5 లక్షల 50 వేల మంది తాము త్సోత్సిల్ మాట్లాడతామని రాయించుకున్నారు. మెక్సికోలోని ఆదివాసీ భాషల్లో నావాత్ల్, యుకతాన్ మాయా, త్సెల్తాల్ తర్వాత ఇదే పెద్దది. అంటే చివరి నలుగురు ముసలివాళ్ళ నోట్లో మిగిలిన భాష కాదన్నమాట, పిల్లలు మాట్లాడుతున్నారు, సంతలో బేరాలు ఇందులోనే, రేడియోలో వస్తుంది, సినకంతాన్ నుంచి సాక్ త్సెవుల్ అనే రాక్ బ్యాండ్ 1990ల నుంచీ ఇందులో పాడుతోంది.

నాకు దీనితో ఏం పని అంటే, నేను చేసే ఉద్యోగమే మెషిన్ చేసిన తెలుగు అనువాదాల్ని సరిచేయడం. అందుకని కొత్తగా ఫలానా ఇన్ని భాషలు సపోర్ట్ చేస్తున్నాం అని ఏ కంపెనీ ప్రకటించినా ఆ లిస్టు మొత్తం చదువుతా. 2022లో మెటా (ఫేస్‌బుక్ కంపెనీ) వాళ్ళు 200 భాషల అనువాద మోడల్ వదిలారు, దక్షిణ అమెరికా నుంచి కెచువా, ఐమారా, గ్వారానీ ఉన్నాయి గానీ మాయా కుటుంబం నుంచి ఒక్కటంటే ఒక్కటి లేదు. 2024 జూన్‌లో గూగుల్ ఒకేసారి 110 భాషలు కలిపింది, మన పక్కనుండే తుళు, సంతాలీ వచ్చాయి, మాయా భాషల్లో మామ్, కెక్చి, యుకతాన్ మాయా వచ్చాయి, త్సోత్సిల్ మాత్రం ఆ లిస్టులో లేదు. ఐదున్నర లక్షల మంది ఉన్నా లేదు.

లిస్టులో లేకపోతే పోనీ, ఇంకా రాలేదు అని జనానికి తెలుస్తుంది, అది పెద్ద ప్రమాదం కాదు. నన్ను నిజంగా భయపెట్టేది వేరే. ఇప్పుడు చాట్‌బాట్‌లు వచ్చాక లిస్టు అనేదే లేకుండా పోయింది. ఏ భాష పేరు చెప్పి అనువాదం చెయ్యమన్నా చేసేస్తాయి, నాకు రాదు అనవు, అన్నా ఇంకోసారి గట్టిగా అడిగితే ఇచ్చేస్తాయి. నేను ఒక చాట్‌బాట్‌ని అడిగి చూశా, చిన్న చిన్న వాక్యాలు, ఆస్పత్రిలో వాడేలాంటివి. వచ్చింది చూస్తే అచ్చం త్సోత్సిల్‌లాగే ఉంది, అపాస్ట్రఫీలు ఎక్కడ పడాలో అక్కడ పడ్డట్టు, స్పానిష్ మాటలు అక్కడక్కడా కలిసి. పక్కన డిక్షనరీ పెట్టుకుని ఒక్కో మాట వెతికితే కొన్ని దొరికాయి, కొన్ని అసలు త్సోత్సిల్ కాదు, పక్క భాష త్సెల్తాల్‌వి. నీళ్ళకి త్సోత్సిల్‌లో వో అంటారు, త్సెల్తాల్‌లో హా అంటారు, రెండూ అక్కాచెల్లెళ్ళ లాంటి భాషలు కాబట్టి మెషిన్‌కి కలగాపులగం చేయడం చాలా తేలిక. నాకు ఆ భాష రాదు, డిక్షనరీ ఉంది కాబట్టి ఆ మాత్రమైనా పట్టుకోగలిగా. మరి డిక్షనరీ కూడా లేనివాళ్ళు ఎట్లా పట్టుకుంటారు?

ఈ పోస్టులో నేను చెప్పాలనుకుంటున్నది ఇదొక్కటే. మెషిన్ అనువాదం తప్పు చేస్తుందా చెయ్యదా అనేది కాదు ప్రశ్న, చేస్తుంది, తెలుగులోనే రోజూ చేస్తుంది. ఆ తప్పుని పట్టుకోగలిగినవాళ్ళు ఆ గదిలో ఎవరైనా ఉన్నారా లేదా అన్నది ప్రశ్న. తెలుగులో వచ్చిన చెత్త అనువాదం మన కంటపడితే ఛ ఇదేం తెలుగు అని పక్కన పడేస్తాం, ఎందుకంటే మనలో చాలామందికి కాస్తో కూస్తో ఇంగ్లీషు తెలుసు, రెండు వైపులా చూడగలం. చియాపాస్ కొండల్లో ఒక పెద్దావిడకి స్పానిష్ అస్సలు రాదనుకోండి, అట్లాంటివాళ్ళు చాలామంది ఉన్నారు, ముఖ్యంగా ఆడవాళ్ళు, వయసైనవాళ్ళు. ఎదురుగా కూర్చున్న డాక్టర్‌కో పోలీసుకో త్సోత్సిల్ ముక్క రాదు. మధ్యలో ఫోన్ పెడితే, ఆ ఫోన్ ఏం చెప్పినా అది తప్పని తెలుసుకునే దారి ఇద్దరిలో ఒక్కరికీ లేదు. సరిగ్గా అక్కడే దాన్ని వాడాలని అందరికీ అనిపిస్తుంది, సరిగ్గా అక్కడే వాడకూడదు.

ఇది గాల్లో మాటలా ఉండకూడదని రెండు విషయాలు దగ్గరగా చూపిస్తా, రెండూ తెలుగువాళ్ళకి వెంటనే అర్థమయ్యేవే.

మొదటిది మన "అట". వెళ్ళాడు అంటే నేను చూశా, నాకు తెలుసు. వెళ్ళాడట అంటే ఎవరో చెప్పారు, నేను విన్నా, నాదేం పూచీ లేదు. ఒక్క అక్షరంతో మనం బాధ్యత మొత్తం పక్కకి పెట్టేస్తాం, చిన్నప్పటినుంచీ అలవాటు కాబట్టి అది ఎంత గొప్ప పనిముట్టో మనకి తెలీదు. త్సోత్సిల్‌లో అచ్చం ఈ పని చేసే చిన్న మాట ఉంది, లా. సినకంతాన్ వైపు ఇబత్ అంటే వెళ్ళాడు, ఇబత్ లా అంటే వెళ్ళాడట. అక్కడి పాత కథలు రాసిపెట్టినవి చూస్తే వాక్యానికో లా ఉంటుంది, మన అవ్వలు చెప్పే కథల్లో అనగనగా ఒక రాజు ఉన్నాడట, ఆయనకి ఏడుగురు కొడుకులట అని వచ్చినట్టే. స్పానిష్‌లో ఇది క్రియని అంటిపెట్టుకుని ఉండే సంగతి కాదు, చెప్పాలంటే విడిగా అంటున్నారు, చెప్పుకుంటున్నారు అని ఇంకో ముక్క తగిలించాలి. ఇంగ్లీషులోనూ అంతే. తగిలించకపోయినా వాక్యం నిండుగానే ఉంటుంది, తప్పుగా కనపడదు, అందుకని మెషిన్ దాన్ని వదిలేస్తే వాక్యంలో ఎక్కడా లోటు కనిపించదు.

ఇప్పుడు ఇది పోలీస్ స్టేషన్‌లో పెట్టి చూడండి. ఒకావిడ సాక్ష్యం చెబుతోంది, ఫలానావాడు కత్తితో పొడిచాడట అంది. రికార్డులో పొడిచాడు అని పడింది. ఆమె విన్నమాట చెప్పింది, కాగితం మీద ఆమె కళ్ళారా చూసిన సాక్షి అయిపోయింది. తర్వాత కోర్టులో నేను చూళ్ళేదు అంటే మాట మార్చింది అంటారు. అధికారికి లా అనే ముక్క అక్కడ ఉందని కూడా తెలీదు, ఆమెకి అది కాగితం మీద లేదని తెలీదు. మనిషి ఇంటర్‌ప్రెటర్ ఐతే ఆగి, ఈవిడ విన్నమాట చెబుతోందండీ అంటాడు. కనీసం మంచి ఇంటర్‌ప్రెటర్ అంటాడు.

ఇక్కడ చట్టం సంగతి కూడా చెప్పాలి. మెక్సికో రాజ్యాంగం 2వ ఆర్టికల్‌లోనే ఉంది, ఆదివాసీలకి కేసుల్లో తమ భాష, తమ సంస్కృతి తెలిసిన ఇంటర్‌ప్రెటర్‌నీ లాయర్‌నీ పొందే హక్కు ఉందని. 2003లో భాషా హక్కుల చట్టం కూడా వచ్చింది, ఆదివాసీ భాషలు కూడా స్పానిష్‌తో పాటు జాతీయ భాషలే అని అది చెబుతుంది. కాగితం మీద ఇంత గట్టి హక్కు చాలా దేశాల్లో లేదు. తక్కువగా ఉన్నది ఇంటర్‌ప్రెటర్లు. ఆ ఖాళీలోకి చవకగా ఒక యాప్ వస్తే అది హక్కుని తీర్చినట్టు లెక్క రాసుకుంటారేమో అన్నదే నా భయం, ఇంటర్‌ప్రెటర్ ఇచ్చాం అని ఒక గడిలో టిక్ పెట్టేసి. సంస్కృతి కూడా తెలిసిన మనిషి అని చట్టంలో రాసి ఉంది, ఆ ముక్క యాప్‌కి ఎట్లా వర్తిస్తుంది?

రెండోది లెక్కలు. త్సోత్సిల్‌లో లెక్క ఇరవైల మీద నడుస్తుంది. 20 అంటే హ్తోబ్, 40 అంటే చావినిక్. మరి 21? మనం ఇరవై మీద ఒకటి అంటాం. వాళ్ళు రెండో ఇరవైలో ఒకటి అంటారు, హున్ ష్చావినిక్. అంటే దాటేసిన ఇరవైని కాకుండా ముందు రాబోయే నలభైని పట్టుకుని చెబుతారన్నమాట. ఎంత అందమైన లెక్కో, అంత తేలిగ్గా పొరపాటు పడే లెక్క కూడా. ముక్క ముక్కగా చదివే మెషిన్‌కి అందులో ఒకటి కనపడుతుంది, నలభై కనపడుతుంది, 41 అనేస్తే మీరు నేను ఏం చేయగలం? ఇప్పటి పిల్లలు పెద్ద అంకెలకి స్పానిష్ మాటలే వాడేస్తున్నారు గానీ పెద్దవాళ్ళ మాటలో, పాత రాతల్లో ఈ లెక్క ఉంది. మందు ఎన్ని రోజులు వాడాలి, బిడ్డకి ఎన్ని వారాలు, పొలం ఎన్ని బారలు, ఇవన్నీ అంకెలే.

దానికి తోడు ఏం లెక్కపెడుతున్నామో దాన్నిబట్టి అంకె కూడా మారుతుంది. మనకి ఇద్దరు మనుషులు, రెండు మేకలు ఉన్నట్టు, మనిషికీ మిగతావాటికీ తేడా మనమూ చూపిస్తాం, వాళ్ళు ఇంకా ముందుకి పోయి మనుషులకి ఒకటి, జంతువులకి ఒకటి, గుండ్రంగా ఉండేవాటికి ఒకటి అని వేరువేరు ముక్కలు అంకెకి తగిలిస్తారు. ఇది తప్పైతే అర్థం పోదు, వినేవాళ్ళకి పరాయివాడు మాట్లాడుతున్నట్టు ఉంటుంది అంతే. తెలుగులో మెషిన్ "రెండు ఆడవాళ్ళు వచ్చారు" అన్నప్పుడు మనకి ఎట్లా ఉంటుందో అట్లా. ఇట్లాంటివి నేను పెద్దగా పట్టించుకోను, లా పోవడం, అంకె మారడం మాత్రం మనుషుల జీవితాల మీదకి వస్తాయి.

మనం మేము అనే తేడా కూడా వాళ్ళకి ఉంది. మీరు కూడా కలిసిన మన ఇల్లు అంటే హ్నాతిక్, మీరు కలవని మా ఇల్లు అంటే సినకంతాన్ వైపు హ్నాతికోతిక్, మిగతా ఊళ్ళలో ఆ చివరి ముక్క మారుతూ ఉంటుంది. స్పానిష్‌లో ఈ తేడా లేదు, ఇంగ్లీషులో లేదు. రేపెప్పుడో తెలుగు నుంచి త్సోత్సిల్‌కి మెషిన్ అనువాదం అని వచ్చినా అది ఇంగ్లీషు మీదుగానో స్పానిష్ మీదుగానో, లేదా రెండిటి మీదుగానూ పోతుంది, అంటే రెండు చివర్లా ఉన్న తేడా మధ్యలో ఆవిరైపోతుంది. ఇట్లా మధ్య భాష మీదుగా పోవడం మనుషుల పనిలోనూ ఉంది, చియాపాస్ నుంచి అమెరికా పోయినవాళ్ళ కేసుల్లో త్సోత్సిల్ నుంచి స్పానిష్‌కి ఒకరు, స్పానిష్ నుంచి ఇంగ్లీషుకి ఇంకొకరు ఉండి రిలే చేస్తారు. కాకపోతే ఆ ఇద్దరూ అనుమానం వస్తే వెనక్కి తిరిగి, మా అంటే ఎవరెవరు అని అడగగలరు.

సరే, అసలు మెషిన్ ఇట్లా ఎందుకు తయారవుతోంది, దానికి తిండి ఎక్కడినుంచి వస్తోంది అని చూస్తే విషయం ఇంకా అర్థమవుతుంది. ఏ చిన్న భాషకైనా ముందు దొరికేది బైబిల్. కొత్త నిబంధన అంటే దాదాపు 8 వేల వచనాలు, మొత్తం బైబిల్ ఐతే 31 వేలు. పెద్ద భాషల మధ్య అనువాదం నేర్పడానికి కోట్ల వాక్యాల జతలు (ఒకే వాక్యం రెండు భాషల్లోనూ) వాడతారు, దానిముందు ఇది ఏ మూలకి? పైగా అందులో గొర్రెల కాపరులు, ప్రవక్తలు, పడవలు ఉంటాయి గానీ ఇన్సులిన్, రేషన్ కార్డు, ఫోన్ రీఛార్జి ఉండవు. మాటల తీరు కూడా ఒక్కటే తీరు. దాన్ని మాత్రమే తిని పెరిగిన మెషిన్ ఆస్పత్రి ఫారం అనువదిస్తే ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు.

బైబిల్ కాకుండా ఇంకో పెద్ద నిధి ఉంది. రాబర్ట్ లాఫ్లిన్ అనే ఆయన ఏళ్ళ తరబడి సినకంతాన్‌లో ఉండి చేసిన త్సోత్సిల్ డిక్షనరీని 1975లో అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ వేసింది, దాదాపు 30 వేల పదాలు, ఒక భాషకి ఇంత శ్రద్ధగా చేసిన డిక్షనరీ ఉండటం నిజంగా అదృష్టం. నేను పైన చెప్పింది ఈ డిక్షనరీనే. ఐతే అది ఒక్క ఊరి మాట, అర్థాలన్నీ ఇంగ్లీషులో. మరి ఒక వ్యాకరణం పుస్తకం, ఒక డిక్షనరీ ఇచ్చేస్తే ఇప్పటి మోడల్ చదివి నేర్చేసుకోదా అని మీరు అడగొచ్చు. 2023 నుంచి కలమాంగ్ అనే ఇండోనేషియా చిన్న భాష మీద అట్లాంటి ప్రయోగాలే జరిగాయి, మొదట్లో ఫలితాలు చూసి అందరూ సంబరపడ్డారు, తర్వాత ఇంకొకళ్ళు విడదీసి చూస్తే మోడల్‌కి పనికొచ్చింది ఎక్కువగా ఆ పుస్తకంలో ఉదాహరణలుగా ఇచ్చిన వాక్యాల జతలే, వ్యాకరణం వివరణలు అంతగా కాదు అని తేలింది. అంటే తిరిగి తిరిగి మళ్ళీ అక్కడికే, రెండు భాషలూ వచ్చిన మనుషులు కూర్చుని రాసిన వాక్యాలు కావాలి.

ఇంటర్నెట్‌లో దొరికేది పోగేస్తే సరిపోదా అంటే, అది ఇంకో గొడవ. చిన్న భాషల పేరుతో వెబ్ నుంచి పోగేసిన టెక్స్టుని ఆయా భాషలు తెలిసినవాళ్ళతో చదివించి 2022లో ఒక పెద్ద ఆడిట్ పేపర్ వచ్చింది, కనీసం 15 కార్పస్‌లలో, అంటే అట్లా పోగేసిన టెక్స్టు గుట్టల్లో, వాడుకోదగ్గ టెక్స్టు ఏమీ లేదని అందులో రాశారు. పేరు ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి. త్సోత్సిల్, త్సెల్తాల్ లాంటి దగ్గరి భాషల్ని మెషిన్‌తోనే వేరుచేయిస్తే, వేరుచేసేదానికే ఆ తేడా తెలీకపోతే, దాని మీద కట్టే అనువాదం ఏమవుతుంది?

స్పెల్లింగుల కష్టం వేరే. పాత మిషనరీ పుస్తకాల్లో స్పానిష్ పద్ధతిలో రాశారు, ఇప్పటి బడి పుస్తకాల్లో, రచయితల రాతల్లో క శబ్దానికి వేరే అక్షరం. భాష పేరునే కొందరు ఒక రకంగా, కొందరు ఇంకోరకంగా రాస్తారు. అన్నిటికన్నా ముఖ్యమైనది అపాస్ట్రఫీ. ఆ భాషలో అది అలంకారం కాదు, పూర్తి స్థాయి శబ్దం, మనకి క వేరు ఖ వేరు ఐనట్టు వాళ్ళకి మామూలు క వేరు, గొంతు బిగించి వదిలే క వేరు. కానీ ఫోన్ కీబోర్డు దాన్ని కొటేషన్ మార్కు అనుకుని వంకర గుర్తుగా మార్చేస్తుంది, ఒక్కో ఫైల్లో ఒక్కో రకం గుర్తు, కొందరు హడావుడిలో టైప్ చెయ్యకుండా వదిలేస్తారు, టెక్స్టుని ముక్కలు చేసే ప్రోగ్రాం ఐతే ఆ గుర్తు దగ్గర మాటని రెండుగా నరికేస్తుంది. ఉన్న కాస్త టెక్స్టు ఇట్లా నాలుగు పాయలైపోతుంది. పెద్ద పెద్ద మోడల్స్ గురించి మాట్లాడేవాళ్ళు ఈ గుర్తుల సంగతి ముందు చూడాలని నా గట్టి అభిప్రాయం, ఇది డబ్బు పెద్దగా ఖర్చు లేని పని, ఫలితం మాత్రం రోజూ కనపడుతుంది.

ఊరుకో యాస ఉండటం గురించి కూడా. మెక్సికో ప్రభుత్వ సంస్థ 2008లో వేసిన కేటలాగ్‌లో దేశం మొత్తం మీద 68 భాషలు, 364 రకాలు లెక్కతేల్చారు, అందులో త్సోత్సిల్‌కే 7 రకాలు. వెనుస్తియానో కరాన్సా అనే చోట మాట్లాడే త్సోత్సిల్‌లో ఐతే స్వరం హెచ్చుతగ్గులతో అర్థం మారే పద్ధతి కూడా వచ్చేసింది, మిగతా ఊళ్ళలో అది లేదు. మెటా 2023లో వెయ్యికి పైగా భాషల మాట గుర్తుపట్టే మోడల్ ఒకటి చేసింది, అది కూడా ఎక్కువగా కొత్త నిబంధన చదివిన ఆడియోల మీదే. అందులో త్సోత్సిల్ ఉంది, మెచ్చుకోవాల్సిన సంగతి ఏంటంటే చమూలా మాట, చెనల్హో మాట అని రెండు వేరువేరు పేర్లతో పెట్టారు. ఇది చాలా సరైన పని. త్సోత్సిల్ అని ఒకే పేరుతో ఒకే అనువాదం ఇచ్చే యాప్ వస్తే, ఏ ఊరి త్సోత్సిల్ అన్నదే నేను మొట్టమొదట అడిగే ప్రశ్న. డేటా ఎక్కువున్న ఊరి మాటే భాష అయిపోయి, మిగతా ఊళ్ళవాళ్ళు మీరు మాట్లాడేది తప్పు అని ఫోన్ చేత చెప్పించుకునే రోజు రాకూడదు. తెలుగులో ఏ జిల్లా మాట ప్రామాణికం అన్న గొడవ మనం పడ్డాం, పడుతున్నాం, దాని నొప్పి మనకి తెలుసు.

ఇంకో విషయం, ఇది వాడేవాళ్ళందరికీ ఉపయోగం. చాలామంది అనువాదం సరిగ్గా ఉందా అని చూసుకోడానికి వెనక్కి తిప్పి చూస్తారు, అంటే స్పానిష్ నుంచి త్సోత్సిల్‌కి చేయించి, దాన్ని మళ్ళీ అదే మెషిన్‌తో స్పానిష్‌కి చేయించి, మొదటి వాక్యమే వచ్చింది కాబట్టి సరిగ్గా ఉంది అనుకుంటారు. అది రుజువు కాదు. మెషిన్ నీళ్ళకి త్సెల్తాల్ మాట పెట్టిందనుకోండి, వెనక్కి తిప్పేటప్పుడు అదే మెషిన్ ఆ మాటని నీళ్ళు అనే చదువుతుంది, మీకు అంతా బావుంది అనిపిస్తుంది. లా సంగతి ఐతే మరీ, స్పానిష్‌లో మొదలుపెట్టారు కాబట్టి అసలు అది ఎక్కడా రాదు, పోయిందని తెలిసే అవకాశమే లేదు. రెండు భాషలూ వచ్చిన మనిషి చదవడం ఒక్కటే పరీక్ష.

మరి అసలు వద్దంటావా అని అడిగితే, వద్దనట్లేదు. గట్టిగా కావాలనే అంటున్నా, కాకపోతే మొదట ఎవరి చేతికి ఇవ్వాలన్నదే నా పట్టు. రెండు భాషలూ వచ్చినవాళ్ళ చేతికి ఇవ్వాలి. చియాపాస్ కొండల్లో రెండు భాషల బడుల్లో పనిచేసే టీచర్లు ఉన్నారు, లాస్ మర్గరీతాస్‌లో ఉన్న రేడియో స్టేషన్ త్సోత్సిల్‌తో పాటు తోహోలబాల్, త్సెల్తాల్, మామ్ లాంటి భాషల్లో ప్రసారం చేస్తుంది, అక్కడ వార్తలు తయారుచేసేవాళ్ళు ఉన్నారు, ఆరోగ్య కార్యకర్తలు, ఇంటర్‌ప్రెటర్లు, పాటలు రాసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి మెషిన్ ఒక చిత్తుప్రతి ఇస్తే, వాళ్ళు చూసి, నవ్వి, కొట్టేసి, తిరిగి రాసుకుంటారు, పని సగం తగ్గొచ్చు. నేను తెలుగులో రోజూ చేసేది అదే కాబట్టి ఆ లాభం ఎంతో నాకు బాగా తెలుసు, పొడుగాటి ప్రభుత్వ నోటీసు ఒకటి ఖాళీ పేజీ మీద మొదలుపెట్టడానికీ, తప్పులున్న చిత్తు మీద మొదలుపెట్టడానికీ చాలా తేడా ఉంది. పైగా వాళ్ళు దిద్దిన ప్రతి వాక్యం మళ్ళీ మంచి డేటా అవుతుంది, అదే ఇందాక చెప్పిన వాక్యాల జత.

అనువాదం కన్నా ముందు కావాల్సినవి కూడా ఉన్నాయి, వాటి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అపాస్ట్రఫీని పాడుచెయ్యని కీబోర్డు. ఏ స్పెల్లింగుతో వెతికినా దొరికే డిక్షనరీ యాప్. మాట్లాడితే టెక్స్టుగా రాసిపెట్టేది, ఎందుకంటే త్సోత్సిల్ బ్రహ్మాండంగా మాట్లాడే చాలామందికి అందులో రాయడం బడిలో నేర్పలేదు, వాళ్ళకి టైప్ చేసే పెట్టె ఇస్తే ఏం లాభం, వాయిస్ ఉండాలి. న్యూజిలాండ్‌లో తె హికు మీడియా అనే మావోరీ రేడియో సంస్థ 2018లో జనాన్ని పిలిచి పది రోజుల్లో 300 గంటలకు పైగా మావోరీ మాటలు రికార్డు చేయించింది, ఆ డేటాని ఏ పెద్ద కంపెనీకీ ఇచ్చెయ్యకుండా తమ దగ్గరే పెట్టుకుని మాట గుర్తుపట్టే ప్రోగ్రాం చేసుకున్నారు. ఎవరి భాష వాళ్ళ చేతిలోనే ఉండటం అంటే అది. త్సోత్సిల్‌కి మావోరీ కన్నా రోజూ మాట్లాడేవాళ్ళు ఎక్కువ, జనం లేక ఆగే పని కాదు.

పోలీసు దగ్గర, కోర్టులో, ఆపరేషన్‌కి ఒప్పుకోలు సంతకం తీసుకునే చోట మాత్రం మనిషే ఉండాలి. ఫోన్లో దూరాన ఉన్న ఇంటర్‌ప్రెటర్ ఐనా సరే, ఆలస్యమైనా సరే. సంతలో కూరగాయల ధర అడగడానికి, బస్సు ఎన్నింటికి అని తెలుసుకోడానికి యాప్ వాడితే ఏమీ కాదు, తప్పు వస్తే ఎదుటివాళ్ళ మొహం చూడగానే తెలిసిపోతుంది, వేళ్ళతో చూపించుకుంటారు.

నావైపు నుంచి చేయగలిగింది చిన్నది, మొదలుపెట్టా. ఈ తేడాలు బయటపెట్టే పరీక్ష వాక్యాలు రాస్తున్నా, విన్నమాట ఉన్నవి, లేనివి జతలుగా, మనం మేము జతలుగా, 19 నుంచి 41 దాకా అంకెలు ఉన్న మందుల సూచనలు, మనుషుల్నీ జంతువుల్నీ లెక్కపెట్టేవి. తెలుగులో రాసి, పక్కన స్పానిష్‌లో ఆ తేడా పోకుండా కాస్త సాగదీసైనా రాసి, ఒక్కోదాని కింద ఇక్కడ ఏం చూడాలి అని నోట్ పెడుతున్నా. త్సోత్సిల్ గడి ఖాళీగా ఉంది, అది నేను గానీ మెషిన్ గానీ నింపకూడదు, దానికి పక్కన ఊరి పేరు రాసే గడి కూడా పెట్టా. స్పానిష్ బాగా వచ్చిన తెలుగువాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే నా స్పానిష్ వాక్యాలు ఒకసారి చూడండి, ముఖ్యంగా అట ఉన్నవి, అవి అక్కడి వాళ్ళకి సహజంగా వినపడుతున్నాయా లేదా అని నాకు అనుమానంగా ఉంది.